'షార్ట్‌కట్'ని 'అడ్డదారి' అనొచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ సలహా కావాలి.

మా పెదనాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈమధ్య మణికట్టు నొప్పి వల్ల మౌస్ పట్టుకోలేకపోతున్నారు. రోజూ పాత శిష్యులకు మెయిళ్లు రాసుకునే మనిషి, అది మానాల్సి వస్తుందేమోనని ఒకటే దిగులు. అందుకని మౌస్ ముట్టుకోకుండా పని జరిగేలా, కీబోర్డ్ షార్ట్‌కట్లన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, పైన 'అడ్డదారులు' అని పెట్టి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. "ఈ వయసులో నాకు అడ్డదారులెందుకురా? తిన్నగా వెళ్లే దారి లేదా?" అన్నారు.

రాత్రంతా ఆ మాటే తిరిగింది బుర్రలో. పొలాలకు అడ్డం పడి వెళ్లే దారి అడ్డదారి, అందులో తప్పేమీ లేదు. కానీ ఇవాళ 'అడ్డదారులు తొక్కాడు' అంటే వినేవాడి మనసులోకి వచ్చేది లంచమో, మోసమో. దొడ్డిదారి సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్ని తెలుగు మెనూల్లో 'సత్వరమార్గం' కనిపిస్తుంది. అర్థం సరిపోయింది, కానీ ఫోన్లో పెద్దవాళ్లకు "సత్వరమార్గం నొక్కండి" అని చెప్పి చూడండి, నోరు తిరగదు. పైగా దారిలో నడుస్తాం గానీ, దారిని నొక్కం కదా!

అసలు దారితో పోల్చడమే మనకు కుదరదని నా అభిప్రాయం. మెనూ తెరిచి, అందులో ఇంకో మెనూ తెరిచి, కిందికి జరిగి, అప్పుడు క్లిక్ చేయడం డొంకతిరుగుడు, ఒప్పుకుంటాను. కానీ కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే కొత్త ఉత్తరం తెరుచుకోవడంలో నడకే లేదు. అది మీట. వీణ తీగను వేలితో మీటుతాం, కరెంటు స్విచ్చిని కూడా మీట అన్నాం. వేలు కదిపితే పని జరగాలి, అంతే. చక్కటి మాట చేతిలో ఉండగా దారుల వెంట పడ్డాం.

కాబట్టి నా ప్రతిపాదన: ఒక్క అక్షరం నొక్కితే చాలేది ఒంటిమీట. కంట్రోల్‌తో కలిపి నొక్కేది జంటమీట.

ఈ తేడా కేవలం మాటల ముచ్చట కాదు, వాడేవాళ్లకు అవసరం. మెయిళ్లు చదివి, రాసుకునే ప్రోగ్రాం థండర్‌బర్డ్ తీసుకోండి. అందులో ఉత్తరాల జాబితా మీద ఉండగా ఉత్త 'ఏ' నొక్కితే ఆ ఉత్తరం పాతవి దాచే ఆర్కైవ్‌లోకి పోతుంది. 'జే' అంటే జంక్, అదే చెత్త ఉత్తరమన్న ముద్ర. 'ఎస్' అంటే నక్షత్రం. 'కే' అంటే ఆ సంభాషణనే పట్టించుకోవద్దని ఆజ్ఞ. ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా జవాబు పెట్టె తెరిచామనుకుని జాబితా మీదే ఇంగ్లీషు అక్షరాల్లో 'నమస్కారం' అని కొట్టారనుకోండి. ఆ ఒక్క మాటలో 'ఏ' నాలుగుసార్లు ఉంది, 'ఎస్', 'కే' కూడా ఉన్నాయి! కంట్రోల్, జెడ్ నొక్కితే ఆర్కైవ్ అయినవి వెనక్కి వస్తాయి, కానీ ముందు ఏం జరిగిందో తెలియాలి కదా. జంటమీట పొరపాటున అంత సులువుగా పడదు, ఒంటిమీట పడుతుంది. రెంటినీ 'షార్ట్‌కట్' అనే ఒకే గాటన కట్టేస్తే ఆ జాగ్రత్త చెప్పడానికి మాటే ఉండదు.

ఇంకొకటి. ఇంగ్లీషు మెనూలో 'ఫైల్' అనే మాటలో ఎఫ్ కింద గీత ఉంటుంది, ఆల్ట్‌తో నొక్కాల్సిన అక్షరం అదేనని గుర్తు. తెలుగులో 'ఫై' చూడటానికి ఒక్క అక్షరమే, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరికలో కొట్టాలంటే 'ఫ' వేరు, ఐత్వం వేరు. ఏ మీటకని గీత పెడతాం? అందుకే చాలా తెలుగు మెనూల్లో మాట పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరం తగిలించి ఉంటుంది. అందంగా లేకపోయినా నిజాయితీ ఉంది అందులో.

మీరేమంటారు?

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు 'దగ్గర తొవ్వ' అంటే ఎవ్వరూ తప్పు పట్టరు. అడ్డదారిని మాత్రం వదిలేయండి.

వ్యాఖ్య: మీట బాగుందండీ. కానీ అందరికీ జవాబు ఇవ్వాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ నొక్కాలి. అది జంట ఎలా అవుతుంది? 'జమిలి మీట' అనండి, రెండైనా మూడైనా ఇముడుతుంది.

నా జవాబు: 'దగ్గర తొవ్వ' చెవికి హాయిగా ఉంది, ఫోల్డర్ దగ్గరికి నేరుగా చేర్చే డెస్క్‌టాప్ బొమ్మకు అతికినట్టు సరిపోతుంది. మూడు మీటల కోసం నేను 'ముమ్మారు'లాగా 'ముమ్మీట' అనుకున్నాను గానీ, జమిలి ముందు అది తేలిపోయింది. ఎన్నికల పుణ్యమా అని జమిలి అందరి నోళ్లలోనూ ఉంది. అదే తీసుకుంటున్నాను.

కాగితం మళ్లీ రాశాను. ఎడమవైపు జమిలి మీటలు నల్ల సిరాతో, కుడివైపు ఒంటిమీటలు ఎర్ర సిరాతో. పెదనాన్న చదివి, 'మీటలు' కింద పెన్సిల్‌తో గీత గీసి, మానిటర్ పక్కన అతికించమన్నారు.