పది నెలల పాపకి టీవీ పెట్టొచ్చా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ):
టీవీలో రైమ్స్ పెడితే గానీ పాప ఉగ్గు తినడం లేదు. సాయంత్రమంతా అత్తయ్యగారి సీరియల్స్ ఎలాగూ నడుస్తాయి. రోజుకో అరగంట ఫర్వాలేదా?

జవాబు 1:
వద్దండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాదిలోపు అసలు వద్దు, రెండేళ్లు నిండాక గంట లోపే. ఊళ్లో తాతగారితో అప్పుడప్పుడు వీడియో కాల్ అయితే సరే.

అసలు చిక్కు తిండి దగ్గర. బొమ్మల ధ్యాసలో పాపకి కడుపు నిండిందీ తెలియదు, ముద్ద బుగ్గనే ఉండిపోతుంది, పొలమారుతుంది కూడా. పాలు తాగిన రెండు గంటలకి, నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. ఉగ్గు స్పూన్ వంచితే కారిపోనంత చిక్కగా ఉండాలి. ఇంకో స్పూన్ పాప చేతికివ్వండి. మెత్తగా ఉడికించిన క్యారెట్ ముక్క ముందు పెడితే తనే నలుపుకుంటుంది. ఒళ్లంతా పూసుకుంటుంది, పూసుకోనివ్వండి! తల తిప్పేస్తే ఆపేయండి, అరగంట దాటించొద్దు. మొదట్లో కొన్నాళ్లు తక్కువే తింటుంది. అది చూసి భయపడి మళ్లీ రిమోట్ పట్టుకుంటే మొదటికొస్తుంది.

జవాబు 2:
సీరియల్ పాప చూడకపోయినా నష్టమే. టీవీ మోగుతుంటే పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడేది తగ్గిపోతుంది. అత్తయ్యగారికి పాప పడుకున్నాక ఫోన్లో పెట్టివ్వండి. ఎండ తగ్గాక ఆవిడే శివాజీ పార్కుకి తీసుకెళ్లి కుక్కనీ కాకినీ చూపిస్తే ఇంకా మేలు.

పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే మాత్రం టీవీ మీదకి తోసేయకుండా వినికిడి పరీక్ష చేయించండి.