అమ్మబోయే ఇంటికి ఆరు లక్షలు పెట్టడం తెలివా, తెలివితక్కువా?

పటమట మేడ:
మాది విజయవాడలో, 167 గజాల్లో 1994లో కట్టిన మేడ. అమ్మేసి అమ్మాయి ఉన్న ఊరికి వెళ్లిపోదామని నిర్ణయించుకున్నాం. వంటగదిని మాడ్యులర్‌గా మార్చి, హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయిస్తే ఖర్చు ఆరు లక్షలైనా ధర పదిహేను లక్షలు పెరుగుతుందని మధ్యవర్తి అంటున్నారు. మా వారు రూపాయి కూడా పెట్టవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

గోడ గడియారం:
మీ వారి మాటే వినండి. ముప్పై ఏళ్ల ఇల్లు. వచ్చేవాడు గజం లెక్కే కడతాడు. సత్యనారాయణపురంలో మా పక్కింటివారు గ్రానైట్ పరిపించి మరీ అమ్మారు. రిజిస్ట్రేషన్ అయిన రెండో నెలకల్లా ఆ పలకలు ముక్కలై మట్టి ట్రాక్టరెక్కాయి.

బెజవాడ కోడలు:
అందరూ పడగొట్టడానికే కొంటారా? ఉండటానికి కొనే మాలాంటివాళ్లూ ఉన్నారండీ. పోయిన ఏడాది పన్నెండు ఇళ్లు చూశాం. ఒకచోట హాలు పెళ్లి మండపంలా మెరిసిపోతోంది. మా అత్తగారు పూజగది మూలన గోడను బొటనవేలితో నొక్కారు. కొత్త రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది, లోపలంతా చెమ్మ. ఆమె ఇంకేమీ చూడకుండా చెప్పులు వేసుకున్నారు. ఖర్చు పెట్టండి, కానీ ముందు శ్లాబుకు పెట్టండి.

గోడ గడియారం:
సరే, శ్లాబు వరకు ఒప్పుకుంటాను. వంటగది మాత్రం వద్దు. మీరు బిగించాక వచ్చినవారు పొయ్యి ఆగ్నేయంలో లేదంటే పీకేసేది మీ ఆరు లక్షలనే!

సింగ్‌నగర్ వాసి:
మా వైపు వాస్తు కన్నా ముందు అడిగే ప్రశ్న వేరు: 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు వాగు నీళ్లు ఎంతవరకు వచ్చాయి? నడుము ఎత్తు వరకే కొత్త రంగు కనిపిస్తే ఇక అడగనే అక్కర్లేదు, వాళ్లకే అర్థమైపోతుంది. మేం వరద గీతను దాచలేదు. వైరింగు కొత్తగా వేయించి, స్విచ్‌బోర్డులు పైకి జరిపించి, ఆ రెండూ చూపించాం. ధర కొంత తగ్గించాల్సి వచ్చింది, బేరం మాత్రం కుదిరింది.

లెక్కల పంతులు:
బిల్లుల మాట ఎవరూ ఎత్తలేదేమి? అదనపు గది, మొత్తం వైరింగు మార్పు వంటివాటిని ఇంటి మెరుగుదల ఖర్చుగా చూపి, పన్ను పడే లాభంలోంచి తగ్గించుకోవచ్చు. మామూలు రంగులు, చిన్న మరమ్మతులు సాధారణంగా అందులోకి రావు. 2024 జూలై 23కు ముందు నుంచీ మీ పేరున ఉన్న ఇల్లు కాబట్టి, 12.5 శాతం లెక్కనూ, ఇండెక్సేషన్‌తో (అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత ఖర్చును పెంచి చూపి) 20 శాతం లెక్కనూ పోల్చి తక్కువ పన్ను పడేదాన్ని ఎంచుకోవచ్చు. మేస్త్రి చేతిలో పెట్టిన నోట్లకు రుజువుండదు, రసీదు అడగండి. ఇంకొకటి, మేడ మొత్తం మంజూరైన ప్లాన్‌లో ఉందా? కొనేవారు అప్పుకు వెళితే బ్యాంకువారు మొదట చూసేది అదే.

పటమట మేడ:
ప్లాన్ అనగానే మా వారు పేపరు వెనక్కి వెళ్లిపోయారు. మేడ మీద గది 2003లో వేసింది, ప్లాన్‌లో లేదు. ముందు ఆ కాగితాల సంగతి చూస్తాం. ఆ గది పక్కనే శ్లాబు కారుతోంది, వానలు మొదలయ్యేలోగా వాటర్ ప్రూఫింగ్ చేయిస్తాం. ఫాల్స్ సీలింగ్ వద్దని మధ్యవర్తికి చెప్పేశాను. ఇక వంటగది... నిజం చెప్పాలంటే అది మధ్యవర్తి పుట్టించిన ఆశ కాదు. ముప్పై ఏళ్లుగా నాకున్న కోరికే. ఎవరో వండుకోవడానికి నేనెందుకు వేయించాలి? అమ్మాయి ఊళ్లో కొనే ఫ్లాటులో వేయించుకుంటాను. మా వారికి ఇంకా చెప్పలేదు.