ఇంట్లో కలిపిన డీ-76 డెవలపరు మరునాటికే రంగు మారింది, కారణమేమిటి?

ప్రశ్న (తిరుపతి):
నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవాలన్న కోరికతో పోయిన ఆదివారం డీ-76 అనే డెవలపరు, అంటే ఫిల్ము మీద బొమ్మను తేల్చే ద్రావణం, ఒక లీటరు కలిపాను. 1927 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు తూచుకున్నాను. ఎక్కువ బరువున్నది ముందు కరిగితే తక్కినవి సులువవుతాయనుకొని సల్ఫైటును మొదట వేశాను. ఆ తరువాత వేసిన మెటాల్ ఎంత కలిపినా కరగక, తెల్లటి పలుకులు నీళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. మరునాటి ఉదయానికి ద్రావణం పలచని డికాషన్ రంగుకు వచ్చింది. అందులో కడిగిన రోల్ మీద బొమ్మ లీలగా మాత్రమే కనబడుతోంది. సల్ఫైటు ఏడాది కిందట కొన్న ప్లాస్టిక్ సంచిలోది. నీళ్లు బోరువి. తప్పెక్కడ జరిగిందో దయచేసి చెప్పండి.

జవాబు (చిత్తూరు):
పలుకులకు ఒక కారణం, రంగుకు మరొక కారణం. చిక్కటి సల్ఫైట్ ద్రావణంలో మెటాల్ సరిగా కరగదు. అందుచేత 750 మిల్లీలీటర్ల నీళ్లను 50 డిగ్రీల దాకా వేడి చేసి, గాలి సోకి మెటాల్ చెడకుండా చిటికెడు సల్ఫైటు మాత్రమే వేసి, ఆ వెంటనే మెటాల్ వేసి పూర్తిగా కరిగేదాకా ఆగండి. మిగిలిన సల్ఫైటు, హైడ్రోక్వినోన్, వెలిగారం ఆ వరుసలోనే ఒకటి కరిగాక ఒకటి వేసి, చివర చల్లటి నీళ్లతో లీటరు చేయండి.

ఇక రంగు మాట. గాలిలోని ఆక్సిజన్‌ను తాను తీసుకొని, బొమ్మను తేల్చే మెటాల్, హైడ్రోక్వినోన్ రెండింటినీ కాపాడటం సల్ఫైటు చేసే పని. మూత సరిగా లేని సంచిలో నెలల తరబడి ఉంటే అదే సల్ఫేటుగా మారిపోయి, చూడటానికి తెల్లగానే ఉన్నా ఆ శక్తిని కోల్పోతుంది. చెంచాడు వెనిగర్‌లో చిటికెడు వేసి చూడండి: మంచిదైతే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఈ పరీక్ష చేయకూడదు. కొనేటప్పుడు సీసా మీద ‘సల్ఫైట్’ అని ఉందో ‘సల్ఫేట్’ అని ఉందో కూడబలుక్కొని చదవండి.

జవాబు (తిరుపతి):
బోరు నీళ్లలోని సున్నం సల్ఫైటుతో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతుంది కనుక డిస్టిల్డ్ వాటర్ వాడండి. మన ఎండలకు ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. ఐసు ముక్కలు వేసిన టబ్బులో సీసాను నిలబెట్టి 20 డిగ్రీలకు దించిన తరువాతే ఫిల్ము మీద పోయండి. మెటాల్ కొందరి చర్మానికి దురద, పగుళ్లు తెస్తుంది. గ్లవ్స్ తప్పనిసరి, ఇందుకు వాడిన గిన్నె, చెంచా మళ్లీ వంటగదికి వెళ్లకూడదు.

ప్రశ్న అడిగినవారు:
పాత సల్ఫైటుకు ఘాటు దాదాపు రాలేదు, కొత్త డబ్బాలోది ముక్కుకు గట్టిగానే తగిలింది. మీరిద్దరూ చెప్పినట్టే కలిపి, గోధుమ రంగు గాజుసీసాలో మెడ దాకా నింపి పెట్టాను. నాలుగో రోజుకు కూడా నీళ్లలా తేటగా ఉంది. నిన్న కడిగిన నెగటివులో గోవిందరాజస్వామి గోపురం మీది బొమ్మలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి.