ప్రొక్‌మెయిల్‌ను ఇంకా ఉంచుకోవాలా, తీసేయాలా?

నాంపల్లి నౌకరు: నాంపల్లిలో మాది ముప్పై మంది పనిచేసే ఆడిటింగ్ ఆఫీసు. సొంత మెయిల్ సర్వర్, అందులో మెయిళ్లు అందుకునేది పోస్ట్‌ఫిక్స్. వచ్చిన ప్రతి మెయిలునూ ప్రొక్‌మెయిల్ చూసి జీఎస్టీ, బ్యాంకులు, క్లయింట్లు అంటూ ఆయా ఫోల్డర్లలో వేస్తుంది. దాన్ని తీసేసి డవ్‌కాట్ ఎల్‌డీఏ (మెయిలును పెట్టెలో వేసే ప్రోగ్రాము), సీవ్ (మెయిలు నియమాలు రాసే భాష) పెట్టమని కొత్తగా చేరిన కుర్రాడి పోరు. బాగానే నడుస్తున్నదాన్ని కదపాలా?

పాతకాపు: వద్దు. 2003 నుంచి వాడుతున్నాను. ఒక శనివారం డిస్కు నిండిపోయింది. ప్రొక్‌మెయిల్‌ను ‘మైనస్ టీ’ ఆప్షన్‌తో నడుపుతాను కాబట్టి ఒక్క మెయిలూ తిప్పికొట్టలేదు, అన్నీ పోస్ట్‌ఫిక్స్ క్యూలో కూర్చున్నాయి. మనం మార్చకపోతే అక్కడ 5 రోజులు ఆగుతాయి. సోమవారం పాత లాగ్‌లు చెరిపాను, మధ్యాహ్నానికల్లా అన్నీ చేరాయి.

సైదాబాద్ సిరా: హైదరాబాదులో టీ లేనిదే సర్వర్ కూడా కదలదన్నమాట.

తాళంచెవి: పాతకాపు గారూ, 3.22 వెర్షన్ వచ్చింది 2001లో. ఆపైన ఏళ్ల తరబడి దిక్కులేదు. 2014లో, అంతకుముందు దాని బాగోగులు చూసినాయనే ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారిని దాన్ని తమ ప్రోగ్రాముల్లోంచి తొలగించమన్నారు. నా అనుభవం వినండి. ఇదివరకు పనిచేసిన చోట నియమాల ఫైలులో ‘టెండర్లు’ ఫోల్డరు పేరు చివర స్లాష్ పడలేదు. స్లాష్ ఉంటే అది మెయిల్‌డిర్ పద్ధతి, అంటే ఒక్కో మెయిలు ఒక్కో ఫైలు: మెయిలును ముందు ‘టెంప్’లో పూర్తిగా రాసి, తర్వాత ‘న్యూ’లోకి మారుస్తుంది. లేకపోతే అదే డైరెక్టరీలో ‘ఎంఎస్‌జీ’తో మొదలయ్యే పేరు పెట్టి పడేస్తుంది. మెయిళ్లను మనకు చూపే ఐమ్యాప్ సర్వర్ వెతికేది ‘న్యూ’, ‘కర్’లలోనే. నలభై రోజుల టెండరు మెయిళ్లు డిస్కు మీదే ఉండి ఎవరికీ కనబడలేదు. చీవాట్లు తిన్నది నేను.

పాతకాపు: స్లాష్ మరిచిపోతే ప్రొక్‌మెయిల్ తప్పా? మాన్యువల్లో రాసే ఉంది. ఇంటి నంబరు వేయకుండా ఉత్తరం పంపి పోస్ట్‌మ్యాన్‌ను తిడతారా? పైగా 3.24 వెర్షన్ 2022లో వచ్చింది.

తాళంచెవి: ఇరవై ఏళ్లకు! తప్పు జరిగితే తెలియాలి కదా అన్నది నా గోల. ఎల్‌డీఏకు లేని ఫోల్డరు పేరు చెబితే మెయిలును ఇన్‌బాక్సులో వేస్తుంది. కళ్లెదుటే ఉంటుంది.

పాతకాపు: సంతలో తప్పిపోయిన పిల్లవాడు కళ్లెదుట ఉన్నట్టే. స్లాష్ సంగతికి జవాబు రాలేదు.

కాచిగూడ కోలన్: స్లాష్ కాదు, నియమం మొదట్లో సున్నా తర్వాత వచ్చే రెండో కోలన్ చూడండి. ఫోల్డరులోని మెయిళ్లన్నీ ఒకే ఫైలులో ఉండే ఎంబాక్స్ పద్ధతైతే, ఆ కోలన్ లేకపోతే లాక్ ఫైలు పడదు. ఒకేసారి వచ్చిన రెండు మెయిళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు.

సైదాబాద్ సిరా: నాంపల్లివారిది ఎంబాక్సో మెయిల్‌డిరో ఎవరైనా అడిగారా?

నాంపల్లి నౌకరు: మెయిల్‌డిరే. స్లాష్‌లన్నీ ఉన్నాయి, ఇప్పుడే చూశాను.

తాళంచెవి: పాతకాపు గారూ, సూటిగా అడుగుతాను. మీ ఆఫీసులో ఆ ఫైలు మీరు తప్ప ఎవరు చదవగలరు?

పాతకాపు: ఎందుకు చదవాలి? సీవ్ పెట్టాక ప్రతి ఒక్కరూ తన నియమాలు తానే రాసుకుంటానంటారు. మా వెబ్‌మెయిల్‌లో ఆ సదుపాయం ఇచ్చి చూశాను. ఒకాయన మేనేజరు మెయిళ్లన్నిటినీ చెత్తబుట్టకు పంపుకున్నాడు. రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది నాకు, ఆయనకు కాదు.

తాళంచెవి: అలా చెప్పండి! మీ గొడవ ప్రొక్‌మెయిల్ గురించి కాదు, తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది. సీవ్‌లో లూపులు లేవు, షెల్ కమాండ్లు నడవవు. చెడగొట్టుకుంటే ఎవరి మెయిలు వారిది. ప్రొక్‌మెయిల్ నియమంలో ఏ కమాండైనా నడపవచ్చు. ఇంకో మాట: ఆ టెండరు నియమం నేను రాసింది కాదు. ఫైలు తెరిచే అనుమతే నాకు లేదు. మెయిళ్లు రావడం లేదని రోజూ అడిగేవాణ్ణి, రాసినాయన “నా ఫైలులో తప్పుండదు” అనేవారు.

పాతకాపు: ఇది మొదటే చెప్పవలసింది. ఆయన చేసింది తప్పే. స్లాష్ విషయంలో మాత్రం నా మాట మారదు.

నాంపల్లి నౌకరు: మా నియమాలు రాసిన పెద్దాయన మార్చిలో రిటైరవుతున్నారు. ఇప్పుడే లెక్కపెట్టాను, 212 ఉన్నాయి. మొత్తం ఫైలులో వ్యాఖ్య ఒకే ఒక్కటి: ‘దీన్ని ముట్టుకోవద్దు’.

పాతకాపు: దాని కింద ఏ నియమం ఉంది? పేర్లు చెరిపి ఇక్కడ పెట్టండి. పెద్దాయన ఇంకా సీట్లో ఉండగానే అడగాలి.