బూస్టర్ పంపుకి 24 లీటర్ల ప్రెషర్ ట్యాంక్ చాలదా?

ప్రశ్న: పై బాత్రూమ్ షవర్‌లో నీళ్లు సన్నగా వస్తున్నాయని బూస్టర్ పంపు, దానికి 24 లీటర్ల ప్రెషర్ ట్యాంక్ పెట్టించాం. ఇప్పుడు చెయ్యి కడుక్కున్నా టక్కుమని ఆన్, వెంటనే ఆఫ్, రాత్రిపూట ఆ చప్పుడుకి అమ్మకి నిద్రే లేదు. పంపు నిమిషానికి 30 లీటర్లు, సెట్టింగ్ 20–40 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి 20కి పడితే ఆన్, 40కి చేరితే ఆఫ్). ఎంత ట్యాంక్ కావాలండి?

జవాబు: 24 లీటర్లంటే అన్నీ నీళ్లు కాదండి, సగానికి పైగా గాలే. మీకు వాడకానికి దొరికేది దాదాపు 8 లీటర్లు. పంపు ఆన్ అయితే కనీసం నిమిషం నడవాలి, అంటే 30 లీటర్లు పట్టాలి, 100 లీటర్లది తీసుకోండి.

ఇంకో జవాబు: కొనేముందు ఉన్న ట్యాంక్‌లో గాలి చూడండి. పంపు ఆపి, కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేసి, బండి టైరు గేజీతో కొలిస్తే 18 పీఎస్‌ఐ ఉండాలి, పంపు ఆన్ అయ్యే 20 కంటే 2 తక్కువ. మాది 5 చూపించింది! ట్యాంక్ గాలి వాల్వ్ నొక్కితే నీళ్లొస్తే మాత్రం బ్లాడర్ (లోపల నీళ్లనీ గాలినీ వేరుచేసే రబ్బరు సంచి) చిరిగినట్టే.

అడిగినవారు: నొక్కాను. చొక్కా తడిసింది.