గేబెల్ చివరికి ప్లేటు ఫిరాయించాడా?

తీగలవాడు: జర్మనీ వయొలినిస్టు రైన్‌హార్డ్ గేబెల్ 1973లో మ్యూజికా ఆంటీక్వా క్యోల్న్ బృందం పెట్టాడు. బరోక్ సంగీతాన్ని (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) ఆ కాలపు వయొలిన్లమీద, జంతువుల పేగుతో చేసిన తీగలతోనే వాయించాలనే బాపతు. 1990లో ఎడమచేతి వేళ్లు మాట వినకపోతే కమాను (వయొలిన్ విల్లు) ఆ చేతికి మార్చి, మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. అంత మొండివాడు 2006లో బృందం మూసేసి, ఆధునిక వాయిద్యాల ఆర్కెస్ట్రాల ముందు కండక్టరుగా నిలబడ్డాడు. మరి ఇన్నేళ్ల పేగు తీగల గోల దేనికండీ?

శ్రుతి415: మీరు తీగ దగ్గరే ఆగిపోయారు. కమాను ఎక్కడ నొక్కాలి, ఎక్కడ వదలాలి, చేయి ఎక్కడ ఊపకూడదు అన్నదే అసలు విద్య. అది తెలిసినవాడు స్టీలు తీగలవాళ్లకీ చెప్పగలడు. ప్రతి స్వరానికీ జ్వరం వచ్చినట్టు చేయి వణికించేవాళ్లను (అదే వైబ్రాటో) మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ తన వయొలిన్ పాఠ్యపుస్తకంలో 1756లోనే వెక్కిరించాడు.

తీగలవాడు: దానికి ఐదేళ్ల ముందు, 1751లో, ఇటలీ వయొలినిస్టు జెమినియాని లండన్‌లో వేసిన పుస్తకం చదివారా? ఆ వణుకు వీలైనంత తరచుగా వాడమన్నాడు. ఏది చారిత్రకం?

శ్రుతి415: ఒకాయన ఇటలీ, ఒకాయన జర్మనీ. ఏ ఊరి సంగీతానికి ఆ ఊరి పుస్తకం చూడాలి.

తీగలవాడు: మరి లండన్‌లో జర్మనీవాడు హాండెల్ రాసిన ఇటాలియన్ ఆపెరాకి ఏ పుస్తకం?

చెవికోసుకుంటా: 😂

శ్రుతి415: వెటకారం జవాబు కాదు.

తీగలవాడు: జవాబే చెబుతా. ఆ బరోక్ వాయింపు పరంపర మధ్యలో తెగిపోయింది. గురువు లేడు, విన్నవాడు లేడు. పుస్తకం చూసి ఈత నేర్చుకున్నట్టుంది మీ వ్యవహారం. మా ఇంట్లో కర్ణాటక వయొలిన్ నాలుగు తరాలుగా చేతినుంచి చేతికి వచ్చింది.

శ్రుతి415: పరంపర గురించి నాకు చెప్పకండి. ఎనిమిదేళ్లు ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్నా. వర్ణంలో ఒక గమకం (స్వరాన్ని ఊపే తీరు) పుస్తకంలో వేరేలా ఉందేమండీ అని అడిగితే, కమానుతో వేళ్లమీద కొట్టి, ‘పుస్తకం దగ్గరే నేర్చుకో పో’ అన్నారు. పోయాను. పుస్తకం ఎవర్నీ కొట్టదు.

పాతపాటలు: ఇప్పుడు అర్థమైంది గొడవ గేబెల్‌ది కాదని.

తీగలవాడు: కొట్టడం తప్పే, కాదనను. కానీ ఆ గమకం మీ చేతికి వచ్చిందా లేదా?

శ్రుతి415: వచ్చింది. అదే కదా నా బాధ. ఎందుకో తెలియకుండా వచ్చింది. అసలు మీ పరంపరలోకి వయొలిన్ ఎలా వచ్చింది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ పద్ధతి నేర్చుకుని, దాన్ని మన పాటకు వంచుకున్నారు. నేలమీద కూర్చుని, వయొలిన్ తల పాదానికి ఆనించడం ఏ గురువు చేతినుంచి వచ్చింది? ఎవరో ఒకరు ఎందుకిలా అని అడిగితేనే కదా!

తీగలవాడు: ఆయన వంచింది పాట కోసం. మూడొందల ఏళ్ల కిందటి చచ్చిపోయిన చప్పుడు కోసం కాదు.

శ్రుతి415: చచ్చిందని మీకెవరు చెప్పారు? గురువుగారా?

అడ్మిన్: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

విశాఖ_కమాను: మధ్యలో వచ్చినందుకు సారీ. పేగు తీగలు తెప్పించి బిగించా. మా ఊరి ఉక్కకి గంటలో శ్రుతి జారిపోతోంది, మొన్న పై తీగ మొహంమీదే తెగింది. ఏసీ గదిలో పెడితే నిలుస్తుందా?