తాతగారి పతకాలు ఏ యుద్ధానివో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గరి మా ఊళ్లో 91వ ఏట కాలం చేసిన మా తాతగారు 1965, 1971 యుద్ధాలనాటి సిపాయి. తిరిగొచ్చాక మామిడితోట మీదే ఐదుగురు పిల్లల పెళ్లిళ్లు చేశారు గాని, యుద్ధం మాట ఎన్నడూ ఎత్తలేదు. ట్రంకుపెట్టెలో మూడు పతకాలు దొరికాయి. ఆయన జీవితకథ రాయాలని ఉంది.

జవాబు 1: 1965కు సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఇచ్చారు. 1971లో తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమట పోరాడినవారికి పశ్చిమీ స్టార్ దక్కాయి. గుండ్రటి పతకానికి అంచు మీద, నక్షత్రానికి వెనుక సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. దయచేసి చింతపండుతో తోమకండి. మా ఇంట్లో అలాగే అక్షరాలు అరిగిపోయాయి.

జవాబు 2: డిశ్చార్జి బుక్కు (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి. పాత ఉత్తరాలూ వెతకండి. చిరునామాలో 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే తూర్పు వైపు, 56 ఏపీఓ అయితే పడమర.

ప్రశ్న వేసినవారు: కృతజ్ఞతలు. నక్షత్రం పూర్వీ స్టారే. 1971 యుద్ధం జరిగిన ఆ డిసెంబరులో తాతగారి మనియార్డరు రాక నగలు తాకట్టు పెట్టానని అవ్వ ఈరోజే మొదటిసారి చెప్పింది.